ద్రాక్షతోటల దారి... తాపీగా సవారీ!

మ్యాపులో చూస్తే ఒక్కరోజు ప్రయాణం. తోటల మధ్య నుంచి వెళ్తే పది రోజులూ చాలవు. ఫ్రాన్స్‌లో వైన్ పండే నేలల మీదుగా కారులో తిరిగి రావాలంటే ఏ దారి పట్టాలి? ఎప్పుడు బయల్దేరాలి? అన్నిటికన్నా ముఖ్యంగా... స్టీరింగ్ ఎవరి చేతికివ్వాలి?

అక్టోబరు నెల. ఉదయం తొమ్మిది గంటలు. లోయలో పొగమంచు ఇంకా విడలేదు. కారు అద్దం దించితే తడిమట్టి వాసన, దాంతోపాటే ఏ ఇంటి నేలమాళిగలోనో పులుస్తున్న ద్రాక్షరసం వాసన. రోడ్డుకు అటూ ఇటూ దువ్వెనతో దువ్వినట్టు తీగల వరసలు. కొన్ని పసుపు, కొన్ని ఇటుకరంగు, కొన్ని ఇంకా పచ్చగానే. మలుపు తిరగ్గానే ఓ చర్చి గోపురం, దాన్ని ఆనుకుని ఓ నలభై ఇళ్లు. స్పీడోమీటరు ముల్లు నలభై దాటడం లేదు. అయినా వెనక ఎవరూ హారన్ కొట్టడం లేదు!

ఫ్రాన్స్ ద్రాక్షసీమల గురించి విన్నవారికెవరికైనా మనసులో మెదిలే బొమ్మ ఇదే. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ బోలెడు డబ్బు పోసి అంతదూరం వెళ్లి కూడా దీన్ని చూడకుండా వచ్చేయడం చాలా సులువు. ఎందుకంటే మ్యాపు ఊరిస్తుంది. షాంపేన్ సీమకు గుండెకాయలాంటి రాన్స్ నగరం నుంచి దక్షిణాన ఉన్న అవిన్యోన్‌కి సూటిగా వెళ్తే ఏడొందల కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం కన్నా కాస్త ఎక్కువ. పైగా అక్కడి మోటార్‌వేల మీద గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వెళ్లొచ్చు. ఇంకేం... పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరిపోతాం అనిపిస్తుంది. చేరతాం కూడా. కాకపోతే దారిలో కనిపించేవి లారీలూ టోల్‌గేట్లూ మాత్రమే. ద్రాక్షతోటలన్నీ ఆ దారికి ఐదు, పది కిలోమీటర్ల అవతల, కొండవాలుల మీద ఉండిపోతాయి.

అందుకే ఈ ప్రయాణానికి ప్రణాళిక అంటే చూడాల్సినవాటి జాబితా పెంచుకుంటూ పోవడం కాదు, కొట్టేసుకుంటూ రావడం.

* * *

కారు పారిస్‌లో వద్దు

ఫ్రాన్స్‌లో పేరున్న వైన్ సీమలు చాలా ఉన్నాయి. పడమటి తీరాన బోర్డో, నది వెంబడి లువార్, దక్షిణాన ప్రొవాన్స్, లాంగ్‌డాక్... అన్నీ ఒకే ట్రిప్పులో చూసేయాలనుకోవడమే మొదటి పొరపాటు. తూర్పు వైపున పై నుంచి కిందికి గొలుసులా ఉన్న నాలుగింటిని ఎంచుకుంటే దారి చక్కగా కుదురుతుంది. షాంపేన్, అల్సాస్, బర్గండీ, రోన్ లోయ. మొత్తం కలిపితే సుమారు పన్నెండొందల కిలోమీటర్లు. షాంపేన్‌లో రెండు రాత్రులు, అల్సాస్‌లో మూడు, బర్గండీలో మూడు, రోన్ లోయలో రెండు. అంటే పది రాత్రులు. బోర్డో, లువార్ మరోసారికి!

విమానం పారిస్‌లో దిగుతుంది కాబట్టి కారూ అక్కడే తీసుకోవాలనుకుంటారు చాలామంది. వద్దు. పది గంటలకు పైగా విమానంలో కూర్చుని, నిద్రలేని కళ్లతో, అలవాటులేని కుడివైపు ట్రాఫిక్‌లో, అదీ పారిస్ రింగురోడ్డు మీద... అది సాహసం కాదు, అనవసరపు తిప్పలు. పారిస్ నుంచి రాన్స్‌కి హైస్పీడ్ రైలు ముప్పావుగంటలో చేరుస్తుంది. ఆ రాత్రి అక్కడ హాయిగా నిద్రపోయి, మర్నాడు పొద్దున కారు తీసుకుంటే సరి. చివర్లో అవిన్యోన్‌లో కారు అప్పగించేసి మళ్లీ రైలెక్కితే రెండు గంటల నలభై నిమిషాల్లో పారిస్. ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో అప్పగిస్తే అద్దె కాస్త పెరుగుతుందిగానీ, వెనక్కి తిరిగొచ్చే రోజంతా మిగులుతుంది.

అన్నట్టు... రాన్స్ అన్న పేరు ఇంగ్లిషు అక్షరాల్లో చూస్తే ‘రీమ్స్’ అని చదువుతాం. అలా అడిగితే అక్కడ దారి చెప్పేవాళ్లు ఓ క్షణం తెల్లమొహం వేస్తారు!

* * *

ఎప్పుడు వెళ్లాలి?

కోతల సమయంలో వెళ్తే సందడిగా ఉంటుందనుకోవడం సహజం. నిజమే, సందడి ఉంటుంది. కానీ అది పనివాళ్ల సందడి. షాంపేన్‌లో ద్రాక్షను చేత్తోనే కోయాలన్నది నిబంధన. దాంతో ఆ కొద్దిరోజులకే లక్షమందికి పైగా కూలీలు వస్తారు. ఊళ్లలో గదులు దొరకవు. మూడు తరాలుగా తోట చేస్తున్న చిన్న రైతు ఆ వారంలో పర్యాటకులతో కబుర్లు చెబుతూ కూర్చోలేడు. ఏడాది కష్టం ఆ పది రోజుల్లోనే తేలాలి మరి.

పైగా కోతలు ఎప్పుడన్నది కూడా ఇప్పుడు చెప్పడం కష్టమే. బర్గండీలోని బోన్ పట్టణంలో ద్రాక్షకోతలు ఏ రోజున మొదలయ్యాయో 1354 నుంచీ లెక్కలున్నాయి. పాత పద్దుపుస్తకాలు, పురపాలక రికార్డులు తిరగేసి 2018 దాకా, అంటే 664 ఏళ్ల తేదీలను చరిత్రకారులూ వాతావరణ శాస్త్రవేత్తలూ కలిసి వరసగా పేర్చారు. 2019లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం 1987 వరకూ కోతలు సగటున సెప్టెంబరు 28న మొదలయ్యేవి. 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకు జరిగాయి. 2003లో వడగాలుల దెబ్బకు ఏకంగా ఆగస్టులోనే కోసేశారు. యుద్ధాలొచ్చినా, రాజులు మారినా ఆరు శతాబ్దాల పాటు పెద్దగా కదలని తేదీ... ముప్పై ఏళ్లలో కదిలిపోయింది!

ఎండలు ముదిరితే పండు త్వరగా పండుతుంది. తీపి ఎక్కువవుతుంది, పులుపు తగ్గుతుంది. ఆ తీపే పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టి వైన్ ఘాటూ పెరుగుతుంది. మరో ఇబ్బంది కూడా ఉంది. చలికాలం వెచ్చగా గడిస్తే తీగ ముందుగా చిగురిస్తుంది. ఆ తర్వాత ఒక్క రాత్రి మంచు కురిసినా లేతచిగురు మాడిపోతుంది. 2021 ఏప్రిల్‌లో జరిగిందదే. బర్గండీ రైతులు తోటల్లో వేలకొద్దీ మంటలు వెలిగించి రాత్రంతా కాపలా కాశారు. దూరం నుంచి తీసిన ఫొటోల్లో అది దీపావళిలా కనిపించింది. దగ్గరగా చూసినవాళ్లకు మాత్రం అది పంట పోతున్న రాత్రి. 2023 కోతల్లోనైతే షాంపేన్‌లో మండుటెండల మధ్య కొందరు కూలీలు ప్రాణాలే కోల్పోయారు.

కాబట్టి పాత గైడుపుస్తకాలను నమ్మి ‘సెప్టెంబరు చివర్లో కోతలు చూద్దాం’ అనుకుంటే చాలాచోట్ల ఖాళీ తీగలే ఎదురవుతాయి. దానికన్నా కోతలయ్యాక, అక్టోబరు మొదటి పక్షంలో వెళ్లడం మేలు. ఆకులు రంగులు మారుతుంటాయి. రైతులు కాస్త తీరికపడతారు. అది కుదరకపోతే మే చివరి నుంచి జూన్ దాకా. పగలు పొడవు, రాత్రి తొమ్మిదింటికీ వెలుతురే.

* * *

రుచి చూసేదెవరు... నడిపేదెవరు?

ఈ ప్రయాణంలో అసలు చిక్కు ఇదే. చాలామంది ప్రణాళికల్లో లేనిదీ ఇదే. దారి పొడవునా వైన్ సెల్లార్లు, ప్రతి సెల్లార్లోనూ రుచి చూడమని చేతికో గ్లాసు. బయట కారు. మరి?

ఫ్రాన్స్ చట్టం ప్రకారం లీటరు రక్తంలో ఆల్కహాల్ అర గ్రాముకి చేరితే డ్రైవింగ్ నేరం. మన దేశంలో పరిమితి ఇంకా తక్కువ... లీటరుకు 0.3 గ్రాములు. ‘అయితే అక్కడ కాస్త వెసులుబాటేగా’ అనుకోవడానికి లేదు. లైసెన్సు కొత్తగా తీసుకున్నవాళ్లకు అక్కడా పరిమితి 0.2 గ్రాములే. 0.8 దాటితే జైలు శిక్ష దాకా వెళ్లొచ్చు. పల్లెదారుల్లోనూ పోలీసులు ఆపి పరీక్ష చేస్తారు. ఒకచోట రెండు గుక్కలు, ఇంకోచోట మూడు గుక్కలు అనుకుంటూ పోతే మధ్యాహ్నానికి ఎంతయిందో లెక్క తెలియదు. మలుపుల దారిలో ఆ లెక్క తప్పితే పోయేది జరిమానా ఒక్కటే కాదు.

దీనికి పరిష్కారం వంతులు. ఈ రోజు స్టీరింగ్ ఒకరిది, రేపు మరొకరిది. నడిపేవారి వంతు రోజున గ్లాసు ముట్టకూడదు. అద్దె కాగితాల మీద ఇద్దరి పేర్లూ రాయించుకోవాలి. పేరు లేనివారు నడిపి ప్రమాదం జరిగితే బీమా వర్తించదు. నడిపేది ఒక్కరే అయితే? ప్రతి సెల్లార్లోనూ ఓ చిన్న పాత్ర ఉంటుంది. రుచి చూసి అందులో ఉమ్మేయడం అక్కడ మర్యాద తప్పడమేమీ కాదు. వైన్ వ్యాపారులు చేసేదీ అదే. లేదంటే నచ్చిన సీసా ఒకటి కొనుక్కుని, సాయంత్రం కారు తాళాలు గదిలో పెట్టేశాక తెరవొచ్చు. అందుకే బస ఊరి బయట కాకుండా నడిబొడ్డున చూసుకోవాలి. భోజనానికి నడిచి వెళ్లి నడిచి రావొచ్చు. సైకిలు మీదైతే ఫర్వాలేదనుకుంటారేమో... ఆ అర గ్రాము లెక్క సైకిలుకీ వర్తిస్తుంది!

అసలు మద్యం ముట్టనివారికి ఇక్కడేం పని అన్న ప్రశ్న కూడా వస్తుంది. బోలెడంత! చూడాల్సింది సీసాలో ఉన్నదానికన్నా నేలమీదే ఎక్కువ.

* * *

బయల్దేరే ముందు...

ఫ్రాన్స్‌కి షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు రుసుం 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్యబీమా తప్పనిసరి. మన లైసెన్సుతోపాటు రవాణాశాఖ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లాలి. అది ఏడాదిపాటు చెల్లుతుంది. అక్కడ అద్దెకిచ్చే కార్లలో గేర్లవే ఎక్కువ. గేరు ఎడంచేతికి బదులు కుడిచేతితో మార్చాల్సి వస్తుంది కాబట్టి ఆటోమేటిక్ కారు ముందే అడిగి పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. పదేళ్లలోపు పిల్లలుంటే వాళ్లకు తగిన సీటు తప్పనిసరి.

రోడ్డు నియమాల్లో మనవాళ్లను తికమకపెట్టేది ‘కుడివైపుకి ప్రాధాన్యం’. ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండికే ముందు దారివ్వాలి. మనది పెద్ద రోడ్డు, అది చిన్న సందు అయినా సరే! రౌండబౌట్ దగ్గర మాత్రం అప్పటికే లోపల తిరుగుతున్నవాళ్లకు దారి. ఊళ్లలో వేగం 50, పల్లెదారుల్లో మామూలుగా 80, మోటార్‌వే మీద 130... వాన పడితే 110. టోల్‌గేటులో నారింజరంగు ‘టి’ అక్షరం మాత్రమే కనిపించే వరసలోకి వెళ్లకూడదు. అది ముందే ట్యాగు తీసుకున్నవాళ్లది.

పెట్రోలు బంకులో ఇంకో చిక్కుంది. ‘గజోల్’ అని రాసి ఉంటే గ్యాసోలిన్... అంటే పెట్రోలేమో అనిపిస్తుంది. కాదు, అది డీజిల్! ఒకదాని బదులు ఒకటి పోయిస్తే ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి.

సెల్లార్లకు ముందే ఫోన్ చేసుకుని వెళ్లాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా చాలావరకూ మూసేస్తారు. ఆదివారాలు కూడా అంతే. లోపలికి అడుగుపెట్టగానే ‘బోంజూర్’ అనాలి. అది అనకుండా ధర అడిగితే ఆ ముఖంలో నవ్వు మాయం. ఇంటి నుంచి ఏదైనా తీసుకెళ్దామనుకునేవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి... పాలతో, మాంసంతో చేసినవాటిని యూరప్‌లోకి రానివ్వరు. కోవా, చికెన్ పచ్చడి వంటివి ఇంట్లోనే వదిలేయాలి. తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కరు రెండు లీటర్ల వరకూ మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

* * *

నేల కింద మరో ఊరు

దారిలో మొదటి మజిలీ షాంపేన్. ఇక్కడ చూడాల్సింది సగం నేల పైన, సగం నేల కింద. రాన్స్ నగరం కింద సుద్దరాయి గనులున్నాయి. రోమన్ల కాలం నుంచి రాయి తవ్వుకోగా మిగిలిన ఆ గోతుల్లోనే షాంపేన్ కంపెనీలు సీసాలు పడుకోబెడతాయి. పైన ఎండ మండినా లోపల ఎప్పుడూ పది, పన్నెండు డిగ్రీలే. స్వెట్టర్ తప్పనిసరి! మొదటి ప్రపంచయుద్ధంలో నగరం మీద ఫిరంగిగుండ్లు కురుస్తుంటే జనం ఈ సెల్లార్లలోనే తలదాచుకున్నారు. పిల్లలకు బడులూ ఇక్కడే నడిపారు. ఫ్రాన్స్ రాజులకు పట్టాభిషేకాలు జరిగిన పెద్ద చర్చి కూడా ఈ ఊళ్లోనే ఉంది.

సీసాలో రెండోసారి పులిసినప్పుడు పుట్టే గ్యాసే షాంపేన్ బుడగలు. ఆ ఒత్తిడి ఎంతంటే... బయట నిలిపిన కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి రెండు మూడింతలు. సీసా అంత మందంగా ఉండేది అందుకే. ఈ సీమలో పండిన ద్రాక్షతో ఇక్కడ చేస్తేనే షాంపేన్ అనాలి. మన బంగినపల్లి మామిడికి 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు లాంటిదే ఇదీ.

రాన్స్ నుంచి ఎపర్నేకి నేరుగా వెళ్తే అరగంట. అలా వెళ్లకూడదు. కొండ చుట్టూ తిరిగే ఊళ్లదారి పట్టాలి. వెర్జనే ఊరి దగ్గర తోటల నడుమ ఓ లైట్‌హౌస్ కనిపిస్తుంది. సముద్రం చూద్దామంటే చుట్టుపక్కల ఎక్కడా లేదు. వందేళ్ల కిందట ఓ షాంపేన్ వ్యాపారి ప్రచారం కోసం కట్టించాడు దాన్ని! మరికాస్త ముందుకెళ్తే ఓవిలేర్. డాం పెరిన్యోన్ అనే సన్యాసి సమాధి ఉన్న ఊరు. బుడగల వైన్‌ని కనిపెట్టింది ఆయనేనన్నది కథ మాత్రమే. ఆయన నిజంగా చేసింది వేర్వేరు తోటల పండ్లను కలిపి మేలైన వైన్ తీయడం.

* * *

నాలుగుసార్లు జెండా మారిన దారి

షాంపేన్ నుంచి అల్సాస్‌కి మూడొందల యాభై కిలోమీటర్లు. ఈ ఒక్కచోట మాత్రం మోటార్‌వే ఎక్కక తప్పదు. మధ్యలో వెర్డన్ వస్తుంది. 1916లో పది నెలలపాటు యుద్ధం సాగిన నేల. ఎవరివో గుర్తుపట్టలేని లక్షా ముప్పైవేలమంది సైనికుల అస్థికలున్న స్మారకం అక్కడి కొండమీద ఉంది. ఓ గంట ఆగితే తర్వాతి మజిలీ ఇంకా బాగా అర్థమవుతుంది.

ఎందుకంటే అల్సాస్ 1871లో ఫ్రాన్స్ నుంచి జర్మనీకి, 1918లో తిరిగి ఫ్రాన్స్‌కి, 1940లో మళ్లీ జర్మనీకి, రెండో ప్రపంచయుద్ధం చివర్లో మళ్లీ ఫ్రాన్స్‌కి చేతులు మారింది. ఇల్లు కదలకుండానే ఒకే మనిషి నాలుగుసార్లు దేశం మారాడు. ఊళ్ల పేర్లు జర్మన్, మాట ఫ్రెంచ్. చెక్కదూలాల ఇళ్లు, కిటికీల్లో ఎర్రటి పూలకుండీలు, పొగగొట్టాల మీద కొంగల గూళ్లు.

ఇక్కడి వైన్ దారి 1953లో ఏర్పాటైంది. మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా 170 కిలోమీటర్లు. ఎగిస్‌హైమ్, రిక్‌విర్, కైజర్స్‌బర్గ్... రెండు మూడు ఊళ్లు చాలు ఓ రోజుకి. శాంతి నోబెల్ అందుకున్న ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టింది కైజర్స్‌బర్గ్‌లోనే. స్టాట్యూ ఆఫ్ లిబర్టీ శిల్పి బార్తోల్డీది కోల్మార్. ఆ ఊరి ఉత్తరపు దారిలో పన్నెండు మీటర్ల లిబర్టీ నమూనా పలకరిస్తుంది.

పడమటి గాలులు తెచ్చే వానను వోజ్ పర్వతాలు అడ్డుకోవడంతో కోల్మార్‌ది వర్షచ్ఛాయ ప్రాంతం. ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వానే. మన అనంతపురం లెక్కకు కాస్త అటూ ఇటూ. కానీ ఆ పొడి ఎండే ఇక్కడి ద్రాక్షకు వరం. శాకాహారులు ఇక్కడ సన్నటి రొట్టెమీద క్రీము, ఉల్లిపాయ వేసి కాల్చే ‘టార్ట్ ఫ్లాంబే’ అడగొచ్చు. మాంసం ముక్కలు వద్దని మాత్రం ముందే చెప్పాలి.

* * *

గట్టు దాటితే ధర మారుతుంది

కోల్మార్ నుంచి దాదాపు 240 కిలోమీటర్లు దిగువకు వెళ్తే బర్గండీలోని బోన్. ఇక్కడ పెద్ద కోటలు, రాజభవనాలు ఉండవు. రాతి గోడలు, ఇనుపగేట్లు, వాటి వెనక రైతు ఇళ్లు. డిజోన్ నుంచి సాంతెనే దాకా ఉన్న 60 కిలోమీటర్ల దారి పేరు ‘రూట్ దె గ్రాండ్ క్రూ’. ప్రపంచంలోకెల్లా ఖరీదైన వైన్లు కొన్ని ఈ దారి పక్కనే పుడతాయి. రోమానీ కోంతీ తోట అయితే మొత్తం కలిపి నాలుగున్నర ఎకరాలే! చుట్టూ కంచె లేదు, కాపలా లేదు. ఓ రాతి శిలువ, లోపలికి నడవొద్దని కోరే చిన్న బోర్డు. అంతే.

పక్క మడి కూడా అదే కొండవాలు, అదే రకం ద్రాక్ష. కానీ రాయి వేరు, వాలు వేరు, నీరు ఇంకే తీరు వేరు. కాబట్టి ధర కూడా వేరు. ఇలా పేరూ హద్దూ ఉన్న మడులను అక్కడ ‘క్లిమా’ అంటారు. మొత్తం 1,247. వీటన్నిటినీ కలిపి 2015లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది. మఠాల సన్యాసులు వందల ఏళ్లపాటు ఏ మడిలో పండు ఎలా ఉందో గమనించి గీసిన హద్దులివి. ఫ్రెంచి విప్లవంలో మఠాల భూముల్ని వేలం వేశారు. ఆ తర్వాత నెపోలియన్ చట్టం ఆస్తిని పిల్లలందరికీ సమానంగా పంచమంది. మన ఊళ్లలో పొలాలు గట్లుగట్లుగా చీలిపోయినట్టే ఇక్కడా చీలాయి. గోడ కట్టిన ఒకే తోట ‘క్లో ద వూజో’... 125 ఎకరాలకు ఎనభైమంది దాకా యజమానులు!

బోన్ నడిబొడ్డున రంగుపెంకుల కప్పుతో మెరిసే భవనం పేరు ఓటెల్ ద్యు. పేరులో హోటల్ ఉన్నా ఇది పేదల ఆసుపత్రి. బర్గండీ ప్రభువు దగ్గర మంత్రిగా ఉన్న నికోలా రోలాన్, ఆయన భార్య 1443లో స్థాపించారు. 1971 దాకా ఈ పాత గదుల్లోనే రోగులకు వైద్యం అందింది. దాతలు ఆసుపత్రికి రాసిచ్చిన ద్రాక్షతోటల వైన్‌ను 1859 నుంచి నవంబరు మూడో ఆదివారం వేలం వేస్తున్నారు. ఆ సొమ్ము ఇప్పటికీ వైద్యానికే!

ఇక్కడ ఒకరోజు కారు పక్కనపెట్టి సైకిలు అద్దెకు తీసుకోవాలి. బోన్ నుంచి సాంతెనే దాకా తోటల మధ్య నుంచే సైకిళ్ల దారి ఉంది. హైదరాబాద్ శివార్ల పందిరి ద్రాక్ష చూసిన కళ్లకు నడుమెత్తు పొదల వరసలు కొత్తగా ఉంటాయి. ఆ మొక్కల వేళ్లు చాలావరకూ ఫ్రాన్స్‌వి కావు! 1860ల్లో ఫిలాక్సెరా అనే పురుగు వేళ్లు పీల్చి దేశంలోని తోటలను తుడిచిపెట్టింది. పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టి మళ్లీ నాటారు. మన బత్తాయి, మామిడి రైతులకు తెలిసిన విద్యే అక్కడి వైన్‌ను బతికించింది.

* * *

రాళ్లలో పండే పండు

బోన్ తర్వాత లియోన్ నగరం దాటేదాకా మోటార్‌వేనే నయం. దాటాక రోన్ నది పక్కన ఉంటుంది. తాన్ లెర్మితాజ్ దగ్గర కొండ నిట్టనిలువుగా లేస్తుంది. మెట్లుమెట్లుగా రాతిగోడలు, ఒక్కో మెట్టు మీద రెండు మూడు వరసల తీగలు. ట్రాక్టరు ఎక్కదు, పనంతా చేత్తోనే. వైన్ రుచి పట్టని పిల్లలకు ఈ ఊళ్లో చాక్లెట్ ఫ్యాక్టరీ మ్యూజియం ఉంది.

ఇంకా దిగువన షాతోనఫ్ దు పాప్. ‘పోపు గారి కొత్త కోట’ అని అర్థం. 1309 నుంచి 1377 దాకా పోపులు రోమ్‌లో కాక అవిన్యోన్‌లో ఉన్నారు. వాళ్ల వేసవి విడిదికి కట్టిన కోటలో ఇప్పుడో శిథిల గోడ మిగిలింది. తోటల్లో మట్టి కనిపించదు, గుమ్మడికాయంత గుండ్రటి రాళ్లే. పగటి వేడిని దాచుకుని రాత్రి తీగలకు పంచుతాయవి. పేరు దొంగతనాలను ఆపడానికి ఇక్కడి రైతులు 1923లో రాసుకున్న నియమాలే తర్వాత దేశమంతటి వైన్ చట్టానికి దారి చూపాయి. అన్నట్టు, తోటల్లో ఎగిరే పళ్లాలు దిగకూడదని 1954లో ఈ ఊరి మేయర్ ఉత్తర్వు జారీచేశాడు. దిగితే జప్తే! అప్పట్నుంచి ఒక్కటీ దిగలేదు మరి.

ఆ నవ్వు వెనక ఓ దిగులూ ఉంది. 1960ల్లో ఫ్రాన్స్‌లో ఏటా తలసరి వంద లీటర్లకు పైగా వైన్ తాగేవారు. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. ఆరోగ్యానికి అది మంచిదే కావచ్చు. కానీ అమ్ముడుపోని వైన్ పీపాల్లో ఉండిపోతోంది. 2024లో ప్రభుత్వం తోట పీకేసి మళ్లీ వేయనని రాసిచ్చే రైతులకు హెక్టారుకు 4 వేల యూరోలు ఇచ్చే పథకం తెచ్చింది. వేల హెక్టార్లకు దరఖాస్తులొచ్చాయి. పెద్ద పేరున్న తోటలకు ఢోకా లేదు. పేరులేని ఊళ్లలోని మామూలు రైతే మోడులు పీకుతున్నాడు. అందుకే సీసా కొనేటప్పుడు విమానాశ్రయంలోనూ దొరికే పెద్ద పేర్ల కన్నా, దారిలో తలుపు తీసి పలకరించిన ఇంటి దగ్గర కొనడంలో ఓ అర్థం ఉంది.

చివరి మజిలీ అవిన్యోన్. పోపుల రాతికోట చూసి నది ఒడ్డుకు వస్తే ఓ పాత వంతెన కనిపిస్తుంది. ఒకప్పుడు దానికి 22 కమానులు. వరదలకు కూలినప్పుడల్లా కట్టి కట్టి, చివరికి విసిగి వదిలేశారు. ఇప్పుడున్నవి నాలుగే. నది మధ్యలో వంతెన ఆగిపోతుంది. కారు తాళాలు అప్పగించేశాక, రైలుకు ఇంకా టైముంటే ఆ చివరిదాకా నడిచి వెళ్లొచ్చు. అక్కడ నిలబడితే ముందుకు దారి ఉండదు. అవతలి గట్టు మాత్రం స్పష్టంగా కనిపిస్తూ ఉంటుంది.